రాడ్డు సరే, బిగించే పనిముట్టు ఎక్కడ?

కాలు విరిగిన మనిషిని చూడటానికి వెళ్లినప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న: "రాడ్డు వేశారా, ప్లేటు వేశారా?" ఆ తర్వాత అది స్టీలా, టైటానియమా, ఎంతయింది అన్న మాటలు వస్తాయి. ఆ రాడ్డును ఎముకలోకి దించిన సుత్తి గురించి గానీ, స్క్రూకు దారి చేసిన డ్రిల్లు గురించి గానీ, విరిగిన ముక్కలను కలిపి పట్టుకున్న పటకారు గురించి గానీ ఎవరూ అడగరు. రోగి అడగనక్కర్లేదు కూడా. కానీ ఆస్పత్రులకు సామగ్రి కొనేవారు, విధానాలు రాసేవారు సైతం అడగకపోతే, ఆ నిర్లక్ష్యం ఖరీదు ఎక్కడో రోడ్డు చివర ఉన్న ఊరి మనిషి చెల్లించాల్సి వస్తుంది.

మాయాబందర్ అలాంటి ఊరే. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు ముఖ్య పట్టణం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే విశాఖపట్నం నుంచి కాకినాడ దాటినంత దూరమే. కానీ అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ప్రయాణం వేరు. జారవా తెగ నివసించే అభయారణ్యంలో వాహనాలను నిర్ణీత వేళల్లో, గుంపులుగానే వదులుతారు. మధ్యలో జలసంధిని పడవ మీద దాటాలి. హెలికాప్టరు ఉన్నా వాతావరణం అనుకూలించాలి. ఈ దీవుల్లో తెలుగువారు చాలామందే ఉన్నారు. కొబ్బరి, వక్క తోటల్లో చెట్లెక్కేవారు, పడవల మీద, కట్టడాల మీద పనిచేసేవారు ఎముకలు విరగ్గొట్టుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

2015లో ప్రపంచ శస్త్రచికిత్సల మీద లాన్సెట్ కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. ఒక ఆస్పత్రి శస్త్రచికిత్స సామర్థ్యాన్ని కొలవడానికి మూడు ఆపరేషన్లను గీటురాయిగా తీసుకుంది: సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, ఓపెన్ ఫ్రాక్చర్‌కు చికిత్స. ఓపెన్ ఫ్రాక్చర్ అంటే విరిగిన చోట చర్మం చీలి, ఎముకకు బయటి గాలి, మట్టి తగిలిన స్థితి. ఈ మూడూ చేయగల ఆస్పత్రికి ప్రజలు రెండు గంటల్లో చేరగలగాలన్నది ఆ కమిషన్ పెట్టిన లక్ష్యం. మాయాబందర్ నుంచి రాజధాని ఆస్పత్రికి రోడ్డు మీద రెండు గంటల్లో చేరడం అసాధ్యం. కాబట్టి ఆ మూడో ఆపరేషన్ మొదటి అంచె మాయాబందర్‌లాంటి చోటే జరగాలి. అందుకు కావలసిన చేతి పనిముట్లు జిల్లా ఆస్పత్రి సొంత ఆస్తిగా, పదునుగా, తుప్పు లేకుండా, ఎప్పుడంటే అప్పుడు తీయగలిగేలా ఉండాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచిన మాట.

ప్రాణమున్న చెక్క

ఎముకల ఆపరేషన్ పెట్టె తెరిస్తే వడ్రంగి సంచి గుర్తుకొస్తుంది. ఉలి, సుత్తి, రంపం, డ్రిల్లు, స్క్రూడ్రైవరు, కొలబద్ద, పటకార్లు. పోలిక ఊరికే రాలేదు. 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్నార్డ్ హైనే ఎముకను కోయడానికి చేతితో తిప్పే గొలుసు రంపం తయారుచేశాడు. చెట్లు కోసే నేటి గొలుసు రంపాల చరిత్ర చెప్పేవారు దాన్నీ తలచుకుంటారు. 1894లో ఇటలీ వైద్యుడు లియొనార్డో జిగ్లీ తీగ రంపాన్ని పరిచయం చేశాడు. 1909లో మార్టిన్ కిర్ష్నర్ పేరు మీద వచ్చిన సన్నని తీగను వేళ్ల ఎముకలకు ఇప్పటికీ వాడుతున్నారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సుశ్రుత సంహిత 101 యంత్రాలను లెక్కపెట్టి, వాటన్నిటిలో ప్రధానమైనది చేయేనని చెప్పింది.

అయితే వడ్రంగి కోసేది ప్రాణం లేని చెక్కను. ఎముకలో జీవకణాలు ఉంటాయి. డ్రిల్లు తిరిగేటప్పుడు రాపిడికి వేడి పుడుతుంది. 1983లో స్వీడన్ పరిశోధకులు ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో, 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని తేలింది. 47 డిగ్రీలంటే వేసవిలో మన ఊళ్లు అప్పుడప్పుడు చూసే ఎండే. మొద్దుబారిన బిట్టు ఎముకను కోయదు, రుద్దుతుంది. సర్జన్ ఇంకా బలంగా నొక్కాలి, వేడి ఇంకా పెరుగుతుంది. కాలిన ఎముక స్క్రూను గట్టిగా పట్టుకోదు. కొన్నాళ్లకు స్క్రూ వదులై ప్లేటు కదిలితే నింద ప్లేటు మీదికో, డాక్టరు మీదికో పోతుంది. అసలు దోషి చౌకగా మార్చుకోగలిగిన ఒక బిట్టు అయి ఉండవచ్చు.

బలంగా నొక్కడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. గొట్టంలాంటి ఎముక అవతలి గోడ దాటగానే బిట్టు ఒక్కసారి ముందుకు దూసుకుపోతుంది. అక్కడ రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పదునైన బిట్టుతో నెమ్మదిగా, సెలైన్‌తో చల్లబరుస్తూ చేస్తే ఈ రెండు ప్రమాదాలూ తగ్గుతాయి.

పెట్టె ఎవరిది?

1958లో స్విట్జర్లాండ్ సర్జన్లు కొందరు ఏఓ అనే బృందంగా ఏర్పడి స్క్రూలు, ప్లేట్లతో పాటు వాటికి సరిపోయే పనిముట్లనూ ఒకే పెట్టెగా రూపొందించారు. 3.5 మిల్లీమీటర్ల స్క్రూకు 2.5 బిట్టు, 4.5 స్క్రూకు 3.2 బిట్టు అన్న లెక్క ఇప్పటికీ ఎముకల వైద్యులకు ఎక్కాల్లాంటిది. స్క్రూ, బిట్టు, డ్రైవరు మూడూ ఒకదానికొకటి సరిపోతేనే పని సాగుతుందన్నది ఆ పెట్టె నేర్పిన పాఠం.

మన దేశంలో చాలాచోట్ల ఆ పెట్టె ఆస్పత్రిది కాదు. ఇంప్లాంట్లు అమ్మే డీలరు ఆపరేషన్ రోజు పెట్టె తెస్తాడు, పని అయ్యాక తీసుకుపోతాడు. పెద్ద నగరంలో ఇది సౌకర్యమే. ఆస్పత్రికి పెట్టుబడి లేదు, కొత్తరకం పనిముట్లు అందుతాయి. కానీ డీలరుకూ ఆస్పత్రికీ మధ్య అడవి, జలసంధి, సముద్రం ఉంటే? అర్ధరాత్రి ప్రమాదం జరిగితే పెట్టె ఎప్పుడు రావాలి?

ఇంకో చిక్కు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. చెన్నైలోనో విశాఖలోనో ప్లేటు వేయించుకున్న మనిషికి దాన్ని తీయాల్సి వస్తుంది. స్క్రూ తల ఆరు పలకలదా, నక్షత్రం ఆకారానిదా? సరిపోయే డ్రైవరు లేకుండా తిప్పితే తల అరిగిపోతుంది. చిన్న ఆపరేషన్ పెద్దదవుతుంది.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. అది రోగులకు మేలు చేసిన నిర్ణయం. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నిటినీ ఔషధ చట్టం పరిధిలోకి తెచ్చారు. అదీ మంచిదే. కానీ ధర, నాణ్యత గురించి ఇంత ఆలోచించిన మనం, పనిముట్టు ఎక్కడ ఉండాలి, ఎవరు చూసుకోవాలి అన్న ప్రశ్నను మాత్రం డీలరుకు వదిలేశాం.

ఉప్పుగాలిలో పదును

పెట్టె కొని బీరువాలో పెట్టినంత మాత్రాన సరిపోదు. ముఖ్యంగా సముద్రం ఒడ్డున. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి సన్నని గుంటలు పెడుతుంది. ఒంట్లో ఉంచే ప్లేట్లకు వాడే 316ఎల్ రకం స్టీలులో మాలిబ్డినం కూడా ఉండటంతో అది ఉప్పును బాగా తట్టుకుంటుంది. ఉలికీ డ్రిల్లు బిట్టుకూ పదును నిలవాలి కాబట్టి గట్టిపరచిన వేరే రకం స్టీలు వాడతారు. అది తుప్పు విషయంలో అంత మొండిది కాదు. అంటే ఏ పనిముట్టుకు పదును ఎక్కువ అవసరమో, దానికే ఉప్పుతో ముప్పు ఎక్కువ.

క్లోరైడు సముద్రపు గాలిలోనే కాదు, రక్తంలోనూ ఉంది, సెలైన్‌లోనూ ఉంది. ఆపరేషన్ అయ్యాక పనిముట్లను సెలైన్‌లో నానబెట్టడం, రక్తం ఆరిపోయేదాకా వదిలేయడం తుప్పును పిలిచి పీట వేయడమే. చాలా ఆస్పత్రుల్లో అలవాటైన బ్లీచింగ్ ద్రావణం ఇంకా హానికరం. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు కడగడానికి ముందు పనిముట్లను క్లోరిన్ ద్రావణంలో నానబెట్టవద్దనే చెబుతున్నాయి. మంచినీటితో, బ్రష్‌తో, కీళ్లు విప్పి కడగాలి. పూర్తిగా ఆరబెట్టాలి. ఆ తర్వాతే ఆటోక్లేవ్. తుప్పు గుంటలో దాగిన మురికికి ఆవిరి సరిగా తగలదు. ఒక తుప్పు పట్టిన పటకారు ట్రేలోని మిగతావాటికీ ఆ మరక అంటిస్తుంది.

కరెంటు పోయినా ఆగని పని

దీవుల్లో విద్యుత్తు చాలావరకు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. బ్యాటరీ డ్రిల్లులు ఉన్నాయి గానీ, ఆటోక్లేవ్ వేడి బ్యాటరీల ఆయుష్షును తినేస్తుంది. ఇక్కడే చేత్తో తిప్పే డ్రిల్లు, టీ ఆకారపు పిడి ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. ఓపెన్ ఫ్రాక్చర్‌లో మొదట చేయాల్సింది ఎంత వీలైతే అంత త్వరగా యాంటీబయాటిక్ ఇవ్వడం, గాయాన్ని శుభ్రంగా కడిగి చచ్చిన కండను తీసేయడం, ఎముకను కదలకుండా ఆపడం. ఆపడానికి ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ వాడతారు. విరిగిన చోటికి పైనా కిందా ఎముకలోకి పిన్నులు దించి, వాటిని బయట ఒక కడ్డీకి బిగిస్తారు. దీనికి చేతి డ్రిల్లు, పిడి, స్పానరు చాలు.

ప్రపంచం ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. అమెరికా సర్జన్ లూయిస్ జిర్కిల్ 1999లో మొదలుపెట్టిన సైన్ సంస్థ, ఆపరేషన్ గదిలో ఎక్స్‌రే తెర లేకపోయినా చేతి పనిముట్లతో తొడ, కాలి ఎముకల్లో రాడ్డు వేసే పద్ధతిని రూపొందించి పేద దేశాలకు అందించింది. కెనడా ఇంజనీర్లు, సర్జన్లు ఉగాండా వైద్యులతో కలిసి, మామూలు డ్రిల్లు యంత్రాన్ని పూర్తిగా కప్పేసే శుద్ధిచేసిన తొడుగును తయారుచేశారు. యంత్రం హార్డ్‌వేర్ దుకాణానిదే. రోగిని తాకే భాగం మాత్రం ఆటోక్లేవ్‌లో శుద్ధి అయి వస్తుంది.

"నిపుణుడి దగ్గరికే పంపితే పోలా?"

ఇది న్యాయమైన అభ్యంతరమే. మోకాలి మార్పిడి లాంటివి మాయాబందర్‌లో చేయాలని ఎవరూ అనడం లేదు. వాటికి కరెంటు రంపాలు, ప్రత్యేక గదులు, అనుభవం కావాలి. క్లిష్టమైన కేసులు శ్రీ విజయపురానికో చెన్నైకో వెళ్లాల్సిందే. కానీ ఎలా వెళ్తారన్నది ప్రశ్న. గాయం కడగకుండా, ఎముక ఊగిసలాడుతూ 240 కిలోమీటర్లు వెళ్లడం వేరు. కడిగి, ఫిక్సేటర్ బిగించుకుని వెళ్లడం వేరు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. కానీ చర్మం చీల్చుకొచ్చిన ఎముకకు కట్టు ఒక్కటే చాలదు.

సర్జన్ లేకుండా పనిముట్లెందుకన్నది మరో మాట. నిజమే, రెండూ కావాలి. అయితే పనిముట్లు లేనిచోట సర్జన్ ఎక్కువ రోజులు నిలవడు. చేతులు కట్టేసుకుని కూర్చోవడానికి ఎవరూ ఎముకల వైద్యం చదవరు.

చేయాల్సిన పనులు

రోడ్డు చివర ఉన్న ప్రతి జిల్లా ఆస్పత్రికీ ఫిక్సేటర్, చిన్న, పెద్ద స్క్రూల సెట్లు, తీగలు, చేతి డ్రిల్లు సొంతంగా ఉండాలి. అదీ రెండేసి, ఎందుకంటే ఒకటి ఆటోక్లేవ్‌లో ఉన్నప్పుడు రెండోది బల్ల మీద ఉండాలి. డ్రిల్లు బిట్టును కత్తెరలాగా ఏళ్ల తరబడి వాడే వస్తువుగా కాక, బ్లేడులాగా మార్చే వస్తువుగా లెక్కించాలి. ఇంప్లాంట్ల టెండరులోనే సరిపోయే డ్రైవరు ఆస్పత్రికి ఇచ్చి తీరాలని రాయాలి. డిశ్చార్జి కాగితం మీద ఇంప్లాంటు కంపెనీ, స్క్రూ తల రకం ఉండాలి. అది రాయడానికి ఒక్క లైను చాలు. పనిముట్ల పదును, తుప్పు, లెక్క చూసే ఒక టెక్నీషియన్‌కు ఆ పనే ఉద్యోగంగా ఉండాలి.

తయారీ వైపు మన ఇంటికి దగ్గరలోనే అవకాశం ఉంది. విశాఖపట్నంలో వైద్య పరికరాల కోసమే కట్టిన మెడ్‌టెక్ జోన్ ఉంది. అదే విశాఖ నుంచి అండమాన్‌కు ఓడలూ వెళ్తాయి. ఖరీదైన స్కానర్లతో పాటు, ఉప్పు తుంపర పరీక్షకు నిలిచే చేతి డ్రిల్లు, ఉలి అక్కడ తయారైతే అవి అండమాన్‌కే కాదు, మన కోస్తా అంతటికీ పనికొస్తాయి.

2001లో భుజ్ భూకంపంలో అక్కడి సివిల్ ఆస్పత్రే కూలిపోయింది. 2004 డిసెంబరు 26న అండమాన్‌ను కుదిపిన భూకంపంలో మధ్య, ఉత్తర అండమాన్‌లను కలిపే ఆస్టిన్ జలసంధి వంతెన పలకలు జరిగిపోయాయి. ఈ దీవులు అత్యంత ప్రమాదకరమైన భూకంప మండలంలో ఉన్నాయి. అలాంటి రోజున విరిగిన ఎముకలు పదులూ వందలూ ఉంటాయి, కరెంటు ఉండదు, వంతెన ఉండదు, డీలరు రాడు. ఆ రోజు పనికొచ్చేది ఆస్పత్రి బీరువాలో అప్పటికే ఉన్న పెట్టె మాత్రమే. దాన్ని తెరిచినప్పుడు లోపలి బిట్టు పదునుగా ఉంటుందా, తుప్పు పట్టి ఉంటుందా అన్నది మనం ఈరోజు రాసే కొనుగోలు జాబితాలోనే తేలిపోతుంది.