కండరంలో పొట్టిదయ్యేది ఏది?

మా పెద్దమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నది. జంతుశాస్త్రం పరీక్షలో కండర సంకోచం ప్రశ్నకు మార్కులు పోయాయని మొన్న ముఖం చిన్నబుచ్చుకొని కూర్చున్నది. "పాఠమంతా కంఠస్థమే అమ్మీ, అయినా తప్పు రాశాను" అన్నది. జవాబుపత్రం చూశాను. సంకోచంలో ఎ పట్టీ పొట్టిదవుతుందని రాసింది. పొట్టిదయ్యేది ఐ పట్టీ. పెళ్లికి ముందు నేనూ చదివిన పాఠమే ఇది. మళ్లీ ఆ పుస్తకం తెరిచింది మాత్రం ఆనాడే.

పుస్తకం మూయించి, బల్లమీద ఒక పెన్సిల్ పెట్టాను. అది మందమైన మయోసిన్ తంతువు. వేళ్ల కొసలు ఎదురెదురుగా, పెన్సిల్ చివరలను దాటి కొద్దిగా లోపలికి వచ్చేటట్లు రెండు చేతులూ ఆనించమన్నాను. వేళ్లు సన్నని ఏక్టిన్ తంతువులు, అరచేతులు జెడ్ గీతలు. "ఇప్పుడు చేతులు దగ్గరకు జరుపు." అరచేతులు దగ్గరయ్యాయి. పెన్సిల్ తరగలేదు, వేళ్లూ తరగలేదు. పెన్సిల్‌కు వెలుపల కనిపించే వేళ్ల భాగం, అనగా ఐ పట్టీ, తగ్గింది. వేళ్ల కొసల నడుమ ఖాళీయే హెచ్ మండలం, అదీ తగ్గింది. ఈ జారుడు సిద్ధాంతాన్ని 1954లో రెండు బృందాలు 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ప్రకటించాయి. ఒకదానిలో ఆండ్రూ హక్స్‌లీ, రెండవదానిలో హ్యూ హక్స్‌లీ ఉన్నారు. వారికి బంధుత్వమేమీ లేదు. హ్యూతో కలిసి పనిచేసిన జీన్ హాన్సన్ మహిళ అని తెలిసి మా అమ్మాయి తల ఎత్తింది.

ఏక్టిన్ నిర్మాణానికి తస్బీహ్ పనికివచ్చింది. ఒక్కొక్క పూస జి-ఏక్టిన్. పూసల పేట ఎఫ్-ఏక్టిన్. అటువంటి రెండు పేటలు పురిపెట్టుకొని ఉంటాయి. వాటి వెంట సాగే ట్రోపోమయోసిన్, మయోసిన్ అతుక్కొనే చోట్లను కప్పి ఉంచుతుంది. కాల్షియం వచ్చి ట్రోపోనిన్‌ను చేరగానే ఆ ముసుగు తొలగుతుంది. మయోసిన్ తల అతుక్కొని లాగుతుంది. తిరిగి విడిపోవాలంటే కొత్తగా ఏటీపీ అందాలి.

"అందకపోతే?"

చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించాను. ప్రాణం పోయిన తరువాత ఏటీపీ తయారు కాదు, అతుకులు విడవవు, కొన్ని గంటలలో దేహం బిగుసుకుంటుంది. నిరుడు మా అమ్మకు గుసుల్ చేయించిన రోజు ఆమె నీళ్లు అందిస్తూ పక్కనే ఉన్నది.

"అందుకేనా ఖాలా నానీ మోచేతిని అంత నెమ్మదిగా వంచింది?"

అవునన్నాను. కొంతసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత ఆమె కాగితం తీసుకొని, పుస్తకం చూడకుండా బొమ్మ గీసింది. ఎ పట్టీ రెండు చిత్రాలలోనూ ఒకే పొడవు వచ్చింది. హెచ్ మండలానికి పేరు రాయడం మాత్రం మరచిపోయింది.