బహుమతి ఫొటోలో లేనివాడు

2024 ఫిబ్రవరి 5, సోమవారం. ప్రార్థన ముగిసి వరుసలో తరగతికి వెళుతుంటే మా తమిళ స్నేహితుడు వెనక నుంచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఒరేయ్, శక్తికి గ్రామీ వచ్చిందిరా!" అన్నాడు. వరుసలో మాట్లాడినందుకు ఇద్దరం మొదటి పీరియడ్‌లో సగం సేపు బయట నిలబడ్డాం. నిలబడ్డామన్న బాధ మాత్రం లేదు. పదకొండో తరగతిలో మేం నలుగురం ఆ బ్యాండ్‌కు వీరాభిమానులం.

శక్తి గురించి తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఇంగ్లండుకు చెందిన గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్ కలిసి 1970లలో మొదలుపెట్టిన బృందం ఇది. జాజ్, హిందుస్తానీ, కర్ణాటక సంగీతాలు ఒకే వేదిక మీద కూర్చుని ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అప్పట్లో చాలా కొత్త. కొన్నేళ్లకే ఆ బృందం విడిపోయింది. 1997లో 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్లీ మొదలైంది. 2023లో విడుదలైన 'దిస్ మొమెంట్' అనే ఆల్బమ్‌లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో పాటు గాయకుడు శంకర్ మహదేవన్, కంజీర వాయించే సెల్వగణేశ్, వయొలిన్ వాయించే గణేశ్ రాజగోపాలన్ ఉన్నారు. సెల్వగణేశ్ మరెవరో కాదు, మొదటి బృందంలో ఘటం వాయించిన వినాయకరామ్‌గారి అబ్బాయే. ఉత్తమ గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్‌గా గ్రామీ అందుకున్నది ఈ 'దిస్ మొమెంట్'.

సాయంత్రానికి అందరి స్టేటస్‌లలో మూడు రంగుల జెండాలు. 'భారత్ గెలిచింది' అన్న మాట. కింద ఒకటి రెండు తెలిసిన ముఖాలు. నేనూ అదే పెట్టాను. మర్నాడు మా తమిళ స్నేహితుడు అడిగాడు: "ఆ ఆల్బమ్‌లో మొదటి ట్రాక్ పేరేమిటి?"

"శ్రీనీస్ డ్రీమ్," అన్నాను. అన్నీ కంఠతా వచ్చు.

"ఆ శ్రీని ఎవరు?"

నా దగ్గర జవాబు లేదు. వాడు నవ్వి, "మీ పాలకొల్లువాడేరా! మాండలిన్ శ్రీనివాస్," అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. మా అమ్మమ్మగారిది వీరవాసరం. పాలకొల్లు పక్కనే. ప్రతి వేసవి సెలవుల్లోనూ అమ్మమ్మతో కలిసి క్షీరారామం గుడికి వెళ్తాను. పాలకొల్లు వాళ్లెవరని అడిగితే అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు అని టక్కున చెప్పేవాణ్ణి. నేను రోజూ వినే బ్యాండ్‌లో ఏళ్ల తరబడి వాయించినవాడు అదే ఊళ్లో పుట్టాడని, చెన్నై నుంచి వచ్చిన స్నేహితుడు చెబితే గాని నాకు తెలియలేదు.

అందుకే సంబరం ఎక్కడ చేసుకోవాలన్న చర్చ వచ్చినప్పుడు నేను పాలకొల్లు అన్నాను. మా మరాఠీ స్నేహితుడు పిజ్జా అన్నాడు. చివరికి పాలకొల్లులో భోజనం ఖర్చు నాదే అన్న షరతు మీద అందరూ ఒప్పుకున్నారు. వార్షిక పరీక్షలు దగ్గర పడుతున్నాయని ఇళ్లలో గొడవ జరిగింది. మా బాబాయి తోడు వస్తానని మాట ఇచ్చాక, ఫిబ్రవరి 11 ఆదివారం పొద్దున్నే విజయవాడలో నరసాపురం వెళ్లే రైలెక్కాం.

గుడివాడలో రైలు ఆగింది. మా తమిళ స్నేహితుడు కిటికీలోంచి బోర్డు చూసి లేచి నిలబడ్డాడు. "శ్రీనివాస్ మొదటి కచేరీ ఇక్కడే!" అన్నాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన మొదటిసారి కచేరీ చేశారు. 1969 ఫిబ్రవరి 28న పుట్టారు కాబట్టి అప్పటికి వయసు తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లప్పుడు నేనేం చేశానని ఆలోచించాను. నాలుగో తరగతిలో ఎక్కాలు తప్పు చెప్పాను.

అక్కణ్ణుంచి భీమవరం దాకా మా తమిళ స్నేహితుడే చెప్పాడు, మేం విన్నాం. శ్రీనివాస్ నాన్నగారు సత్యనారాయణగారు మాండలిన్ వాయించేవారు. ఆరేళ్ల పిల్లవాడు ఆ వాద్యాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నాన్నగారి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పిల్లవాడికి పాఠం మొదలుపెట్టారు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తంత్రుల మీద పలికించేవాడు. ఆ సుబ్బరాజుగారు కేరళకు చెందిన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. అంటే పాలకొల్లు పిల్లవాడికి అందిన పాటలో అప్పటికే ఇంకో రాష్ట్రపు గొంతు ఉంది.

మాండలిన్ మన వాద్యం కాదు. యూరప్ నుంచి వచ్చింది. దాని మీద మెట్లు ఉంటాయి, తంత్రులు జంటలుగా ఉంటాయి, మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. అంటే స్వరాన్ని ఊపడం, సాగదీయడం, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం. జంట తంత్రులున్న చిన్న వాద్యంలో అది చాలా కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటల స్థానంలో అయిదు ఒంటి తంత్రులు పెట్టి, ఆ గమకాన్ని దానిలోకి తెచ్చారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. రిమెంబర్ శక్తిలో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరిగారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లే.

ఇక్కడే మా మధ్య వాదన వచ్చింది. మా మరాఠీ స్నేహితుడు గిటార్ వాయిస్తాడు, లెక్కల్లో ఫస్టు. వాడన్నాడు: "గ్రామీ వచ్చింది 2023లో వచ్చిన ఆల్బమ్‌కి. అందులో ఆయన వాయించలేదు. బతికిలేని మనిషికి ఈ బహుమతితో ఏం సంబంధం? మనం బహుమతిని పండగ చేసుకోవాలి గాని, లేని సంబంధం కలపకూడదు."

వాడి మాటలో తప్పు లేదు. బహుమతికి నిబంధనలు ఉండాలి. ఎవరు వాయించారు, ఏ ఏడాది విడుదలైంది అని చూడకపోతే అది బహుమతే కాదు. నేను కాసేపు చెరువులు చూస్తూ కూర్చున్నాను. తర్వాత నాకు తోచిన జవాబు ఇది: నిబంధనలు బహుమతికి ఉంటాయి గాని, అభిమానికి ఉండవు కదా! బహుమతి ఇచ్చేవారు ఈ ఏడాదే చూస్తారు. అభిమాని ఈ ఏడాది వెనక ఉన్న ఏళ్లన్నీ చూడాలి. ఆ అయిదుగురూ ఆల్బమ్‌లో మొదటి ట్రాక్‌కే వెళ్లిపోయినవాడి పేరు పెట్టుకున్నారు. వాయించినవాళ్లే ఆయన్ని మరిచిపోనప్పుడు, విన్నవాళ్లం మేం ఎలా మరిచిపోయాం?

ఇంకో మాట కూడా. 'భారత్ గెలిచింది' అని నేను పెట్టిన స్టేటస్ సగమే నిజం. ఆ బృందాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరు ఇంగ్లండువారు. తబలా ముంబైది, కంజీర తమిళనాడుది, వెనక నిలబడిన మాండలిన్ గోదావరి జిల్లాది. మన దేశం గురించి గర్వపడటం తప్పని నేననను. నేనూ పడ్డాను. కాని పేర్లు తెలియని గర్వం మరుసటి రోజుకే కొత్త స్టేటస్ కింద మాయమైపోతుంది.

పాలకొల్లులో దిగాక గుడి దగ్గరికి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అతన్ని "మాండలిన్ శ్రీనివాస్‌గారు తెలుసాండీ?" అని అడిగాను. "ఏ సినిమాకి కొట్టారండీ?" అన్నాడు. మేం నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నవ్వడానికి నాకు నోరు రాలేదు. అయిదు రోజుల ముందు వరకు నాకూ తెలియదు. బాబాయి ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో ఆయన వాయించిన ఒక కీర్తన పెట్టాడు. గాలిగోపురం కనబడే మలుపులో ఆటో అతను వేగం తగ్గించి, "ఇది మనూరి వాళ్లదాండీ? ఇంకోసారి పెట్టండి," అన్నాడు. అతనికి సంగీతం ఎంత తెలుసో నాకు తెలియదు. పేరు, ఊరు కలిసి చెబితే మనిషి చెవి తెరుస్తాడని మాత్రం తెలిసింది.

దర్శనం అయ్యాక భోంచేసి కాలవ గట్టున చెట్టు నీడలో కూర్చున్నాం. చిన్న స్పీకర్ మీద 'శ్రీనీస్ డ్రీమ్' పెట్టుకున్నాం. నేను అంతకు ముందు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కాని అది ఒక మనిషి కోసం చేసిన సంగీతమని తెలిసి వినడం అదే మొదలు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది మా సొంత సంగతి.

తొమ్మిదో తరగతిలో మా బృందగానానికి ప్రాంతీయ స్థాయిలో బహుమతి వచ్చింది. ఆ పాటకు బాణీ కట్టింది, ఎవరు పై శ్రుతిలో పాడాలో, ఎవరు కింది శ్రుతిలో పాడాలో విడదీసి నేర్పింది మా అస్సామీ స్నేహితుడు. పోటీకి మూడు వారాల ముందు వాళ్ల నాన్నగారికి గువాహటి బదిలీ అయింది. మన విద్యాలయాల్లో ఇది మామూలే. బెంచీలో పక్కన ఉన్నవాడు దసరా సెలవుల తర్వాత కనిపించడు. పోటీ రోజున పాడినవాళ్ల పేర్లే సర్టిఫికెట్ల మీదకు వచ్చాయి. అది న్యాయమే. ఎవరిదీ తప్పు లేదు. కాని బహుమతి వచ్చిందని వాడికి ఫోన్ చేయాల్సింది నేను. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను. ఆ తప్పు మాత్రం నాదే.

కాలవ గట్టు మీద నుంచే ఫోన్ చేశాను. వాడు ఎత్తాడు. నేను బహుమతి సంగతి చెప్పబోతే, "తెలుసురా, ఫొటో చూశాను," అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. సారీ చెప్పాను. వాడు ఒక్క క్షణం ఆగి, "రెండో చరణం దగ్గర శ్రుతి పడిపోలేదు కదా?" అని అడిగాడు. పడిపోలేదని చెప్పాను. "అయితే చాలు," అన్నాడు. తర్వాత మా మరాఠీ స్నేహితుడు ఫోన్ లాక్కుని అరగంట మాట్లాడాడు. లేని సంబంధం కలపకూడదని రైల్లో వాదించినవాడే!

ఈ వ్యాసం ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2024 డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్‌గారు కన్నుమూశారు. గ్రామీ వచ్చిన రోజు ఆయన ఒక్కరికే మూడు బహుమతులు వచ్చాయి. పది నెలలు తిరిగేసరికి ఆయనా లేరు. మళ్లీ అందరి స్టేటస్‌లలో ఆయన ఫొటో, రెండు రోజుల తర్వాత ఇంకోటి. శక్తికి రేపు ఇంకో గౌరవం దక్కితే, ఆ ఫొటోలో ఆయనా ఉండరు. అప్పుడు ఆయన పేరు ఎవరు చెప్పాలి? ఆయన్ని విన్నవాళ్లే చెప్పాలి.

అభిమానం అంటే గెలిచిన రోజు కేకలు వేయడం ఒక్కటే కాదని నా అభిప్రాయం. కేకలు వేయడం తేలిక, నేనూ వేశాను. గెలుపు వెనక ఎవరెవరు ఉన్నారో అడిగి తెలుసుకోవడం, వాళ్ల పేర్లు తెలియనివాళ్లకు చెప్పడం కూడా అభిమానమే. దానికి పెద్ద ఖర్చు లేదు. మా నలుగురికీ అయింది రైలు టికెట్లు, నాలుగు భోజనాలు, ఒక ఆదివారం. పరీక్షల్లో నాకు ఫిజిక్స్ మార్కులు కాస్త తగ్గిన మాట నిజమే గాని, దానికి పాలకొల్లు కారణం కాదని ఇంట్లో ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను.

మన విద్యాలయానికి నాదొక చిన్న మనవి. ప్రార్థనా సమావేశంలో బృందానికి బహుమతి ఇచ్చేటప్పుడు, సర్టిఫికెట్ అందుకున్నవాళ్ల పేర్ల తర్వాత ఇంకో వాక్యం చదువుదాం. బదిలీ మీద వెళ్లిపోయినవాళ్లు, జ్వరం వచ్చి పోటీకి రాలేకపోయినవాళ్లు, సాయంత్రం దాకా ఉండి శ్రుతిపెట్టె పట్టుకున్నవాళ్లు, వీళ్ల పేర్లు కూడా. అర నిమిషం పడుతుంది. సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు, నిబంధనలు మార్చక్కర్లేదు. పేరు చెబితే చాలు.

ఈ ఏడాది మా ఆఖరి ఏడాది. మార్చి తర్వాత మా నలుగురిలో ఒకడు చెన్నై, ఒకడు పుణె వెళ్లిపోతారు. మా బృందగానం ఫొటో మెట్ల పక్కన గోడ మీద ఇంకా ఉంది. దాని కింద ఉన్న పేర్ల చివర, సంగీతం టీచర్‌గారి అనుమతితో, గత వారం ఇంకో పేరు చేర్చి రాశాం. మీరు ఆ దారిలో వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగి చదవండి.