మరిగిస్తే పోని మలినాలు

"నీళ్ళు కాచి చల్లార్చి త్రాగండి" అన్న మాటను నా వైద్యవృత్తిలో ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఆ మాట తప్పు కాదు. కలరా, టైఫాయిడ్, కామెర్లు, అతిసారం నీటి ద్వారా వ్యాపించే మన దేశంలో ఆ ఒక్క సలహా ఎందరినో కాపాడింది. కాని నేల స్వభావం విచారించకుండా అదే సలహాను ఇచ్చి ఒక కుటుంబానికి నేను అపకారం చేశాను. ఆ సంగతిని పాఠకులకు చెప్పుకోవలసిన బాధ్యత నాపై ఉన్నదని భావిస్తున్నాను.

1980ల చివరి సంవత్సరాలలో నేను నల్లగొండ జిల్లాలో, మునుగోడు వైపున్న ఒక గ్రామానికి వారానికొకసారి వెళ్ళి రోగులను చూసేవాడిని. అక్కడ ఏభై అయిదేళ్ళ రైతు ఒకాయన నడుమునొప్పితో, కీళ్ళు బిగుసుకుపోవడంతో, ఆకలి మందగించడంతో బాధపడుతూ వచ్చాడు. లక్షణాలను బట్టి ఆమవాతమని నిర్ణయించాను. ఔషధాలతోపాటు ఉష్ణోదకం త్రాగమన్నాను. నాలుగవవంతు ఇగిరేవరకు, సగం మిగిలేవరకు, నాలుగవవంతు మాత్రమే మిగిలేవరకు నీటిని కాచే భేదాలు మన గ్రంథాలలో ఉన్నవి. నేను సగానికి మరిగించమని చెప్పాను. ఆయన భార్య ఎంతో శ్రద్ధగల ఇల్లాలు. రోజూ కట్టెలపొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, నీరు సగమయ్యేవరకు కాచేది. మంచిదే కదా అని ఇంటిల్లిపాదీ అవే నీళ్ళు త్రాగారు.

రెండేళ్ళు గడిచాక ఒకనాడు ఆయన, "సారూ, మీరు చెప్పినట్టే సగానికి మరగబెట్టి తాగుతున్నం. అయినా మెడ తిరుగుత లేదు" అన్నాడు. తల తిప్పలేక, మొండెమంతా నా వైపు తిప్పి ఆ మాట అన్నాడు. ప్రక్కన నిలబడిన ఎనిమిదేళ్ళ మనుమరాలు నవ్వితే ముందుపళ్ళపై పసుపు చారలు కనిపించాయి. ఆ చారలు నా సలహా వలన వచ్చినవి కావు. పళ్ళు చిగుళ్ళలో రూపొందే పసితనంలోనే ఆ మచ్చ పడుతుంది. అంటే, నేను ఆ ఇంట అడుగుపెట్టిన మొదటి రోజునే ఆ పిల్ల నోరు చూచి ఉంటే బావి సంగతి నాకు తెలిసి ఉండేది. నేను నాడి చూశాను, నాలుక చూశాను, బావిని మాత్రం అడగలేదు.

అది ఫ్లోరైడు వ్యాధి. మన ప్రాంతానికి అది కొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి 1937లోనే వైద్య పత్రికలో ప్రకటించారు. నల్లగొండ నేలలోని గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడు గల ఖనిజాలున్నవి. వాన తక్కువగా పడి, నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినప్పుడు అది కొంచెం కొంచెంగా కరిగి నీటిలో చేరుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మేలు, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు సహించవచ్చు. ఇక పాఠకులే లెక్క వేయండి. బావి నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్నదనుకుందాం. రెండు లీటర్లు కాచి ఒక లీటరు చేస్తే నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడు ఎక్కడికీ పోదు. గిన్నెలో మిగిలిన లీటరులో 8 మిల్లీగ్రాములు ఉంటుంది. సూక్ష్మజీవి వేడికి చస్తుంది; ఖనిజానికి చావు లేదు. నా రోగి చేత నేను రెండేళ్ళపాటు విషాన్ని చిక్కబరిచి త్రాగించాను.

కొందరు మిత్రులు ఈ మాట విని, "మన శాస్త్రాన్ని మీరే తక్కువ చేస్తున్నారే" అని నొచ్చుకున్నారు. నేను తక్కువ చేసినది నా అజాగ్రత్తను. శాస్త్రం ఈ సంగతిని విడిచిపెట్టలేదు. ఆకాశం నుండి పడిన నీరు అంతటా ఒకటేనని, భూమిని తాకిన తరువాత ఆ నేల గుణాలను పొందుతుందని చరకసుశ్రుతులు చెప్పారు. అందుకే ఆంతరిక్ష జలాన్ని శ్రేష్ఠమన్నారు. సుశ్రుతుడు బురదనీటిని తేర్చే ద్రవ్యాలను ఏడింటిని పేర్కొన్నాడు. వాటిలో మన ఇండుపగింజ ఒకటి. రాతిపై అరగదీసి కుండలో కలిపితే బురద అడుగుకు దిగే మాట వాస్తవం. మా అమ్మగారి ఇంట వానకాలమంతా అదే పద్ధతి. అయితే అది కంటికి కనిపించే కలుషానికి చెప్పిన ఉపాయం. నీటిలో ఉప్పువలె కరిగిపోయి, రంగు రుచి వాసన లేని ఫ్లోరైడుకు దానిని ప్రయోగించి నిశ్చింతగా ఉంటే ఆ తప్పు మనది. రాగి చెంబు కూడా అంతే. రాత్రంతా రాగిలో నిలిపిన నీటిలో సూక్ష్మజీవులు తగ్గుతాయి. ఫ్లోరైడు గాని, మాంగనీసు గాని తగ్గవు.

పటిక మాట వేరు, కాని అక్కడా ఒక మెలిక ఉన్నది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970లలో రూపొందించిన విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని మన జిల్లా పేరే వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి, నెమ్మదిగా త్రిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైతేట నీటిని వడగడతారు. ఇది పనిచేస్తుంది. కాని పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. తేర్చడానికి బిందెలో త్రిప్పే చిటికెడు పటిక దీనికి చాలదు. పరీక్ష లేకుండా ఎక్కువ వేస్తే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. రోజూ దిగే మడ్డిని ఎక్కడ పారబోయాలన్న చిక్కు కూడా ఉన్నది. ఒక గృహిణి ఏళ్ళ తరబడి కొలతలతో చేయవలసిన పని కాదని నా అభిప్రాయం. నది నీటిని శుద్ధిచేసి గొట్టాలలో ఇవ్వడమే సరైన మార్గం. 2016లో మొదలైన మిషన్ భగీరథ వంటి పథకాలు ఆ దారిలోనివే. అయితే కుళాయి రాని రోజున బోరు నీటితోనే అన్నం వండుకునే ఇళ్ళను నేను చూశాను. పప్పులోకి, అన్నంలోకి చేరిన నీరు కూడా త్రాగిన నీరే.

ఇక మాంగనీసు. ఇది ఫ్లోరైడులా చప్పుడు లేకుండా వచ్చేది కాదు, మరకలతో తన ఉనికిని చెబుతుంది. మా మేనకోడలు భర్త ఉద్యోగరీత్యా చీపురుపల్లి దగ్గర కాపురముంటున్నది. ఆ ప్రాంతం, గరివిడి పరిసరాలు మాంగనీసు గనులకు ప్రసిద్ధి. "మామయ్యా, బోరు నీళ్ళు తోడినప్పుడు తేటగానే ఉంటున్నాయి. ట్యాంకులో బ్లీచింగు వేసిన మర్నాటికి నల్లబడుతున్నాయి. బ్లీచింగు మానేశాం" అని ఫోనులో చెప్పింది. అప్పటికి ఆమెకు మూడు నెలల పసివాడు. తల్లిపాలు చాలక పాలపొడి ఈ నీటిలోనే కలుపుతున్నది.

బ్లీచింగు నేరస్థురాలు కాదు, సాక్షి. నేల అడుగున గాలి సోకని చోట ఇనుము, మాంగనీసు కరిగి నీటిలో దాగి ఉంటాయి. గాలి తగిలితే ఇనుము తుప్పురంగు తిరిగి త్వరగా విడిపోతుంది. మాంగనీసు ఒట్టి గాలికి అంత తేలికగా లొంగదు. క్లోరిను తోడైతే నల్లని పొడిగా మారుతుంది. అందువలననే గాలి తగిలించి ఇసుకలో వడగట్టే సాధారణ ఫిల్టరు ఇనుమును పట్టి, మాంగనీసును వదిలివేస్తుంది. మాంగనీసు ఆక్సైడు పూత పట్టిన ఇసుక గుండా పోనిస్తే అప్పుడు అక్కడ చిక్కుకుంటుంది. పొటాషియం పర్మాంగనేటు వేస్తారని విని ఇంట్లో ప్రయత్నించే పాఠకులుంటే వారికి నా మనవి: ఆ ఎర్రమందులో ఉన్నదీ మాంగనీసే. కొలత తెలియనివారు దాని జోలికి పోరాదు.

మాంగనీసు మన ధాన్యాలలో, ఆకుకూరలలో ఉన్నది, శరీరానికి కొద్దిగా అవసరం కూడా. ఎక్కువైనదానిని పెద్దవారి కాలేయం పిత్తం ద్వారా బయటకు పంపుతుంది. పసివారికి ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 362 మంది పిల్లలను పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, త్రాగునీటిలో మాంగనీసు హెచ్చుగా ఉన్న ఇళ్ళ పిల్లలకు బుద్ధి పరీక్షలలో మార్కులు తక్కువ వచ్చాయి. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లీటరుకు 0.08 మిల్లీగ్రాము అన్న తాత్కాలిక పరిమితిని ప్రకటించింది. మన ప్రమాణం 0.1, తప్పనిచోట 0.3.

మేనకోడలిని ఆ పూట నుండే పాలపొడికి బోరు నీరు వాడవద్దన్నాను. నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి పరీక్షా కేంద్రానికి పంపించాము. పరిమితికి మించి ఉన్నదని తేలింది. వారు తగిన ఇసుక ఫిల్టరు పెట్టించుకున్నారు, బ్లీచింగు మళ్ళీ మొదలుపెట్టారు. ఇంటింటా కనిపిస్తున్న ఆర్‌వో యంత్రం కొనవచ్చు కదా అని ఆమె భర్త అడిగారు. ఆ యంత్రం ఫ్లోరైడును తగ్గిస్తుంది, మాంగనీసునూ తగ్గిస్తుంది. అయితే ఇనుము, మాంగనీసు దాని పొరను త్వరగా పూడ్చివేస్తాయి, నీరు చాలా వృథా పోతుంది. ఏమున్నదో తెలియకుండా కొన్న యంత్రం రోగం తెలియకుండా మ్రింగిన మాత్ర వంటిది.

ఆహారం విషయం ఒక మాట. చింతపండు తీసుకున్నవారిలో మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోయినట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రచురించారు. మజ్జిగ, ఆకుకూరలు, ఉసిరి కూడా ఆ ప్రాంతాలవారికి మేలు చేసేవే. అయితే చారు త్రాగుతున్నాము కదా అని ఆ బావి నీటినే కొనసాగించడం కూడదు.

ఈ పత్రిక ద్వారా నాకు జాబులు వ్రాసే పాఠకులు ఇకపై తమ వయసు, లక్షణాలతోపాటు త్రాగే నీరు బావిదా, బోరుదా, కుళాయిదా, దానిని ఎన్నడైనా పరీక్ష చేయించారా అన్నది కూడా వ్రాయగలరు. కీళ్ళనొప్పులవారు ఇంట్లో పిల్లల ముందుపళ్ళపై చారలున్నదీ లేనిదీ తెలియజేయాలి. ఆ వివరాలు అందేవరకు నేను ఎవరికీ సగానికి మరిగించిన నీటిని సూచించను.