పింఛను లేని పరుగు

కిందటి సంచికలో నేను రాసిన రాగిముద్ద కబుర్లు చదివి చాలామంది ఫోన్లు చేశారు. "ఈసారి ఏం వడ్డిస్తారు మాస్టారూ?" అని అడిగారు. ఈసారి వడ్డన మనకి కాదండీ, ఒక గుర్రానికి. అదీ పందేలు మానేసిన గుర్రానికి.

సంగతేమిటంటే, బెంగుళూరులో చదువుకుంటున్న మా మనవరాలు రెండేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. కిందటేడు వేసవి సెలవులకి మా చింతామణి వచ్చినప్పుడు ఒకరోజు భోజనాల దగ్గర మొదలుపెట్టింది. "తాతయ్యా, రేసు గుర్రాలు రిటైరయ్యాక కొందరు ఊరికే ఇచ్చేస్తారట. బాగేపల్లి దగ్గర మన తోట ఖాళీగానే ఉంది కదా, ఒకటి తెచ్చుకుందామా?" అంది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ వంటింట్లోంచి, "ఊరికే వచ్చే గుర్రానికి దాణా ఎవరు పెడతారో ముందు అది కనుక్కోండి" అంది. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మన పెద్దలు ఏనాడో చెప్పారు. రిటైరైన గుర్రం గుడ్డిది కూడా కాదు, అసలు ముసలిదే కాదు. నాకీ సంగతి అప్పటిదాకా తెలియదు. పందెపు గుర్రాలని థరోబ్రెడ్ జాతి అంటారు. మూడు శతాబ్దాల కిందట ఇంగ్లండుకి తరలించిన మూడు మగ గుర్రాల సంతానం ఇవన్నీ. ఏ నెలలో పుట్టినా మన దేశంలో వీటన్నిటికీ జనవరి 1నే ఏడాది నిండినట్టు లెక్క. రెండేళ్ల వయసుకే పరుగుకి దింపుతారు. చాలావాటికి ఆరేడేళ్లు వచ్చేసరికి ఆట ముగుస్తుంది. కానీ బాగా చూసుకుంటే గుర్రం ఇరవై అయిదేళ్లదాకా బతుకుతుంది.

నేను అరవై ఏళ్లు నిండాక బడి నుంచి రిటైరయ్యాను. నెల తిరిగేసరికి పింఛను వస్తోంది. గుర్రమేమో బతుకులో పావు వంతు గడిచేసరికే రిటైరవుతుంది. మిగతా ముప్పావు వంతుకి పింఛను లేదు. మంచి వంశం ఉన్న ఆడగుర్రాలు పిల్లల కోసం స్టడ్ ఫారాలకి వెళ్తాయి. హైదర్, టిప్పుల కాలం నుంచీ గుర్రాలకి పేరుపడ్డ కుణిగల్ మనకి దగ్గరలోనే ఉంది. విత్తులు కొట్టించిన మగ గుర్రాలకి ఆ దారి కూడా లేదు. అవి ఎక్కడికి వెళ్తాయి?

దానికి జవాబు మాకు చిక్కబళ్లాపురంలోనే కనిపించింది. 2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా కేంద్రమైన తరవాత ఆ ఊరు బాగా పెరిగింది. పెళ్లి మంటపాలూ పెరిగాయి. బంధువుల పెళ్లికి వెళ్తే ఊరేగింపులో పెళ్లికొడుకుని ఎక్కించుకుని ఒక పొడుగాటి గుర్రం వచ్చింది. మెడలో పూసల దండలు, నెత్తిన కుచ్చు. పక్కనే బ్యాండు మేళం, ముందర సీమటపాకాయలు. అది ఒళ్లంతా చెమటతో తడిసి, తారు రోడ్డు మీద ఒక ముంగాలు ఆనించీ ఆనించనట్టు నిలబడి ఉంది. మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, ఇది థరోబ్రెడ్డే" అంది.

దాని యజమానిని పలకరించాను. తెలుగువాడే. "రేసుల్లో ఉండిన గుర్రమే సామీ ఇది. మూడు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది" అన్నాడు. కాలు వాచింది కదా అంటే తల వంచుకున్నాడు. "పెండ్లిండ్లు ఉండేది ఆరు నెలలు. ఇది తినేది పన్నెండు నెలలు. నేనేం చెయ్యల్ల సామీ?" అన్నాడు. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. మా ఆవిడ అడిగిన ప్రశ్నే అతన్నీ పీడిస్తోంది.

ఆలోచించుకుని వస్తామని చెప్పి వచ్చేశాం. రెండు నెలలు ఆలోచించి వెళ్లేసరికి గుర్రం లేదు. ఎవరికో అమ్మేశాడట. వాళ్లు ఇంకెవరికో ఇచ్చారట. ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు లేరు. తిరుగు ప్రయాణంలో మనవరాలు బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చింతామణి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆ రోజు అనుకున్నాను, తెస్తే మరి చేతులు మారని పద్ధతిలో తేవాలి, లేకపోతే అసలు తేకూడదని.

నాతో చదువుకున్న మిత్రుడొకడు పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. అతన్ని వెంటబెట్టుకుని బెంగుళూరు వెళ్లాం. తెల్లవారుజామున చీకటి విడకుండానే గుర్రాల కసరత్తు మొదలవుతుంది. ఒక ట్రైనరు గారి లాయంలో ఆరేళ్ల మగ గుర్రాన్ని చూపించారు. ముదురు గోధుమరంగు, భుజం దగ్గర అయిదడుగుల పైచిలుకు ఎత్తు, నుదుట తెల్లని చుక్క. ముంగాలి వెనక టెండన్ దెబ్బతిని పరుగు మానేసింది. మా మిత్రుడు దాని కాళ్లు నాలుగూ పైనుంచి కిందికి చేత్తో తడిమి, వేడి ఉందా, వాపుందా అని చూశాడు. గట్టినేల మీద నడిపించాడు, గుండ్రంగా తిప్పించాడు. లాయం కొయ్యలు కొరికే అలవాటుందా, నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగుతుందా అని సైసుని అడిగాడు. మనుషులకీ సోకే గ్లాండర్స్ జబ్బు లేదని రక్తపరీక్ష చేయించమన్నాడు. అమ్మేవాళ్ల డాక్టరు ఎంత మంచివాడైనా మన డాక్టరు మనకి ఉండాలని అతని మాట.

తరవాత దాని పాస్‌పోర్టు తీశారు. నవ్వకండి, గుర్రానికీ పాస్‌పోర్టు ఉంటుంది. పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియాలో వీటి వంశావళి అంతా నమోదవుతుంది. ఆ పుస్తకంలో గుర్రం బొమ్మ గీసి, ఒంటి మీద సుళ్లు ఎక్కడెక్కడున్నాయో గుర్తులు పెట్టారు. మా తాతగారు ఎద్దుని కొన్నా గుర్రాన్ని చూసినా ముందు సుళ్లే చూసేవారు. ఈ సుడి ఉంటే కలిసొస్తుంది, ఆ సుడి ఉంటే ఇంటికి కీడు అనేవారు. మేము నవ్వుకునేవాళ్లం. మన వేలిముద్రల్లాగే ఈ సుళ్లు కూడా గుర్రాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తాయని ఇన్నాళ్లకి తెలిసింది. మా తాతగారు సరైన చోటే చూశారు, జాతకం మాత్రం అక్కడ లేదు.

దాన్ని చూసుకునే సైసుది పలమనేరు వైపట. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని దగ్గరికొచ్చాడు. "దీనికి పరిగెత్తేది నేర్పించినాము సామీ. ఊరికే నిలబడేది ఎవురూ నేర్పలేదు. అది మీరు నేర్పల్ల" అన్నాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను కానీ ఇలాంటి పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

వెంటనే తీసుకురాలేదు. ముందు బాగేపల్లి తోట బాగుచెయ్యాల్సి వచ్చింది. చుట్టూ ఉన్న ముళ్లతీగ తీయించాను. గుర్రం బెదిరితే ముందూ వెనకా చూడదు, ముళ్లతీగలో పడితే కాళ్లు చీరుకుపోతాయి. నీడకి కొట్టం వేయించాను. 450 కిలోల గుర్రానికి రోజుకి ఎనిమిది, తొమ్మిది కిలోల ఎండుమేత, పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్లు కావాలి. ఇక్కడ లూసర్న్ గడ్డిని కన్నడంలో "కుదురె మసాలె సొప్పు" అంటారు, అంటే గుర్రానికి మసాలా ఆకన్నమాట. అది కొంచెం వేసుకున్నాం. ఆరేడు వారాలకోసారి డెక్కలు చెక్కాలి. మా ఊళ్లో ఎద్దులకి లాడాలు కొట్టేవాళ్లున్నారు కానీ, ఎద్దు డెక్క రెండు చీలికలు, గుర్రానిది ఒకటే. ఆ పని తెలిసినవాణ్ణి బెంగుళూరు నుంచే పిలిపించుకోవాలి. ఇక గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరిగా ఉండలేదు. దానికి తోడుగా ఒక మేకని కొన్నాం.

కాగితం రాసుకున్నాం. మళ్లీ పందేలకి పెట్టం, ఎవరికీ అమ్మం, సాకలేని రోజొస్తే మొదట ఆ యజమానికే కబురు చేస్తాం అని. సంతకం పెట్టబోతూ ఆగాను. నాకు 64, గుర్రానికి 6. అది ఇరవై అయిదేళ్లు బతికితే నాకు 83 రావాలి. మా అబ్బాయికి ఫోను చేసి, "నా తరవాత దీని దాణా ఎవరు పెడతారు?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "నేను వచ్చి సంతకం పెడతాను, అప్పటిదాకా ఆగండి నాన్నా" అన్నాడు. ఆదివారం వచ్చి నా పేరు కింద తన పేరు రాశాడు. గుర్రం మాదైంది ఆ క్షణాన, లారీ ఎక్కించినప్పుడు కాదు.

ఇంటికొచ్చాక నకులుడు అని పేరు పెట్టాం. విరాటుని కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలని కాచింది నకులుడే కదా. మా నకులుడు మొదటి పది రోజులూ తెల్లవారుజామున నాలుగింటికే గేటు దగ్గర నిలబడి కాళ్లు దువ్వేవాడు. కసరత్తుకి ఎవరో వస్తారని ఎదురుచూపు.

మూడో వారంలో నా పొరపాటు ఒకటి జరిగింది. పక్క తోట రైతు ముచ్చటపడి ఒక బకెట్టు ఉడికించిన ఉలవలు పెట్టాడు. మేత ఏది మార్చినా కొద్దికొద్దిగా, రెండు మూడు వారాల మీద మార్చాలని డాక్టరు నాకు చెప్పాడు, నేను ఆయనకి చెప్పలేదు. గుర్రం కడుపు ఒంటికి చాలా చిన్నది, పైగా అది వాంతి చేసుకోలేదు. రాత్రికి కడుపుశూల పట్టుకుంది. పడుకుని దొర్లడం, లేవడం, డొక్కల వైపు తిరిగి చూసుకోవడం. డాక్టరు వచ్చి సూది వేసి, ముక్కులోంచి గొట్టం దించాడు. తెల్లవార్లూ నేనూ ఆ రైతూ వంతులవారీగా దాన్ని మెల్లగా నడిపించాం. ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. తెల్లవారాక అది పేడ వేస్తే మేమిద్దరం పండగ చేసుకున్నాం. పేడని చూసి అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇప్పుడు నాలుగు గంటలకి గేటు దగ్గరికి రావడం మానేశాడు. మేక పక్కన తల వంచుకుని మేస్తుంటాడు. మనవరాలు వాడి మీద ఇంకా ఎక్కలేదు. కాలు పూర్తిగా కుదుటపడనీ అని తనే అంది. సెలవులకొస్తే పగ్గం పట్టుకుని తోట చుట్టూ నడిపిస్తుంది. చిక్కబళ్లాపురంలో చూసిన ఆ గుర్రం మాట మాత్రం తనూ ఎత్తదు, నేనూ ఎత్తను.

మీ ఇళ్లలోనూ పిల్లలు గుర్రం కావాలని అడగవచ్చు. వద్దనకండి, వెంటనే సరే అని కూడా అనకండి. ముందు చోటు, తరవాత డాక్టరు, ఆ తరవాత కాగితం, అన్నిటికీ చివర గుర్రం. ధర ఎంతని అడిగే ముందు మా ఆవిడ అడిగిన ప్రశ్న ఇంట్లో అందరూ కూర్చుని అడుక్కోండి. మా ఇంట్లో దానికి జవాబు ఏమిటంటారా? నేను బాగేపల్లి బయలుదేరే రోజున సంచిలో క్యారెట్లు ఆవిడే సర్దుతుంది. నా టిఫిన్ డబ్బా సంగతి అప్పుడప్పుడూ మరిచిపోతుంది.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం. అంతవరకూ సెలవు.