చైనా గడ్డి తెర్లాల్సిందే

మీ పత్రికలో పన్నా కోటా అనే తీపి వంటకంపై వచ్చిన వ్యాసంలో జెలటిన్‌కి బదులు చైనా గడ్డి పొడి అదే కొలతలో గోరువెచ్చని పాలలో కలిపితే చాలన్నారు. చాలదండీ! జెలటిన్ ఆ వేడికే కరుగుతుంది. చైనా గడ్డి రెండు నిమిషాలైనా తెర్లాలి, లేకపోతే పలుకులు పంటికి తగులుతాయి. అరలీటరుకు ఒక చెంచా చాలు. ఎక్కువైతే గట్టిపడి పెళుసుగా విరుగుతుంది. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మాలతో చేస్తారని శాకాహారులకు ఒక్క ముక్క చెప్పాల్సింది.

పన్నా కోటాను ఇటలీ పీడ్‌మాంట్ వాళ్లు మీగడతో చేస్తారు. జున్ను రుచి మరిగిన మా కోనసీమలో కొబ్బరిపాలుండగా మీగడ డబ్బా ఎందుకో! పొడిని, పంచదారను రెండోసారి పిండిన కొబ్బరిపాలలో మరిగించి, దించాక వెచ్చబెట్టిన చిక్కటి మొదటి పాలు పోయాలి. మొదటి పాలు మరిగితే విరుగుతాయి, చల్లగా పోస్తే ఉండలు కడతాయి. కొలత తప్పును వచ్చే సంచికలో సవరించగలరు.

– ఒక పాఠకురాలు, పలివెల, కొత్తపేట మండలం