వేగం కాదు, గురి!

మన దగ్గర జింకను వేటాడితే జైలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అంత గట్టిది. నేనుండే విస్కాన్సిన్‌లో మాత్రం థ్యాంక్స్‌గివింగ్ ముందు శనివారం నుంచి తొమ్మిది రోజులు తుపాకీ వేటకు సీజన్. ఈసారి నేనూ లైసెన్స్ తీసుకున్నా.

నాది .308 విన్‌చెస్టర్ రైఫిల్. మా టీమ్‌లో ఒక పెద్దాయన తూటాలు ఇంట్లోనే చేసుకుంటాడు. వాడేసిన ఇత్తడి కేస్, కొత్త ప్రైమర్, మాన్యువల్ చెప్పినంతే పౌడర్, పైన బుల్లెట్. నాకు రెండు రకాలు చేసిచ్చాడు: 150 గ్రెయిన్లు, 165 గ్రెయిన్లు.

స్పెక్స్ చూసి ఫోన్ కొనే బ్యాచ్ కదా మనం! వేగం ఎక్కువని 150 వైపే మొగ్గా. తీరా రేంజ్‌లో వంద గజాల నుంచి కాలిస్తే అవి అరచేయంత మేర చెదిరాయి. 165వి మూడూ నిమ్మకాయంత చోట్లోనే పడ్డాయి. వేరే రైఫిల్‌లో ఇది తిరగబడొచ్చట.

"వేగం కాస్త తగ్గితే ఏం కాదు. గురి తప్పితే నీకు పోయేది ఒక్క తూటానే, గాయపడ్డ జింకకు రాత్రంతా నరకం" అన్నాడాయన.

కోడ్‌లో తప్పు చేస్తే వెనక్కి తీసుకోవచ్చు. ట్రిగ్గర్ నొక్కాక ఆ చాన్స్ లేదు. అందుకే 165వే సర్దుకున్నా. వంద గజాలు దాటితే కాల్చనని కూడా అనుకున్నా.