ఊళ్లు పెరిగాయి.. రవాణా హద్దులు మారాలి
జనగణన తర్వాతైనా మదనపల్లె - పుంగనూరు - కుప్పం దారికి ఒకే ప్రణాళిక కావాలి

మదనపల్లె: కరోనా కారణంగా 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయిస్తూ 2025 జూన్ 16న కేంద్రం గెజిట్ ప్రకటన వెలువరించింది. అంతవరకు ప్రభుత్వ కార్యాలయాలకు ఆధారం 2011 నాటి లెక్కలే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు రహదారులు, బస్సులు, బైపాస్‌లు, లేఅవుట్లపై ఏ ప్రణాళిక వేసినా ఆ పాత అంకెలే దిక్కు. కొత్త లెక్క తేలిన తర్వాత ఈ ప్రాంతపు ప్రణాళికా హద్దులను తిరిగి గీస్తారా, లేక పాత గీతల మీదే కొత్త అంకెలు వేసి సరిపెడతారా అన్నది ఇక్కడి ప్రజలకు ముఖ్యమైన ప్రశ్న.

ఒకే దారి.. రెండు జిల్లాలు

అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పంలను కలుపుతూ తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. పడమటి మండలాల రైతుకు, విద్యార్థికి, రోగికి, చిరు వ్యాపారికి ఈ దారే జీవనాధారం. రైలు విషయంలో మాత్రం ఈ పట్టణాల మధ్య పొంతన లేదు. మదనపల్లె రోడ్డు స్టేషన్ ధర్మవరం - పాకాల మార్గంలో, పట్టణానికి దూరంగా సీటీఎం వద్ద ఉంది. కుప్పం బెంగళూరు - జోలార్‌పేట మార్గంలో ఉంది. పుంగనూరుకు రైలే లేదు. ఈ మూడు ఊళ్ల మధ్య రాకపోకలన్నీ రోడ్డు మీదే సాగాలి.

దారి ఒకటే అయినా పాలన ముక్కలైంది. 2022 ఏప్రిల్ 4కు ముందు మూడు పట్టణాలూ చిత్తూరు జిల్లాలోనే ఉండేవి. ఆ రోజు జరిగిన పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. పుంగనూరు, కుప్పం చిత్తూరులో మిగిలాయి. 2025 నవంబరు ప్రతిపాదనలో పుంగనూరును కొత్తగా తలపెట్టిన మదనపల్లె జిల్లాలో చూపారు. డిసెంబరు చివరి వారంలో వెలువడిన తుది నిర్ణయంతో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు కేంద్రమైంది. కుప్పం మాత్రం చిత్తూరులోనే ఉంది. గీతలు ఎటు జరిగినా ఈ దారి రెండు జిల్లాల మధ్య చీలే ఉంది.

డిసెంబరులోనే ఇంత హడావిడి జరగడానికి కారణం జనగణనే. 2025 డిసెంబరు 31 తర్వాత జిల్లాలు, మండలాలు, పట్టణాలు, గ్రామాల హద్దులను జనగణన ముగిసేవరకు మార్చరాదని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. లెక్క కోసం హద్దులను స్థిరపరచడం సబబే. లెక్క తేలాక ఆ హద్దులను దేనికి వాడుకుంటారన్నదే అసలు విషయం.

హద్దు గీతతో పనేమిటి?

ఈ ప్రాంతాన్ని ఒకటిగా చూసిన ప్రయత్నం ఒకటి జరిగింది. 2016 నాటి రాష్ట్ర మెట్రోపాలిటన్ ప్రాంత, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద 2019లో పలమనేరు - కుప్పం - మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ, అంటే పీకేఎం ఉడా, ఏర్పడింది. ఆనాటికి అందుబాటులో ఉన్న జనగణన 2011దే. ఆ జనగణన నాటికి కుప్పం గ్రామ పంచాయతీ. తర్వాతే అది మున్సిపాలిటీ అయింది. తొలి పురపాలక ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. 2024లో కుప్పం, గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం మండలాల కోసం కుప్పం ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే కడా, కూడా వచ్చింది. సంస్థలు పెరిగాయి. మూడు పట్టణాల రాకపోకలను కలిపి చూసే కన్ను మాత్రం కరవైంది.

ప్రణాళికా హద్దు కాగితం మీది గీతే కదా అనుకోవడం పొరపాటు. ఆ గీత లోపల ఉన్న గ్రామంలో లేఅవుట్ వేయాలంటే అభివృద్ధి సంస్థ అనుమతి కావాలి. బృహత్ ప్రణాళికలో చూపిన రోడ్డుకు స్థలం వదలాలి. గీత బయట ఉన్న ఊరిలో ఆ రోడ్డు పటంలోనే ఉండదు. అక్కడ ప్లాట్లు పడి, ఇళ్లు లేచి, పదేళ్లకు బైపాస్ అవసరమైతే అప్పుడు కూల్చేది ఇళ్లను, తీసుకునేది పంట పొలాలను. పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరిగేది రైతు, ప్లాటు కొన్న మధ్యతరగతి కుటుంబం. ముందుగా గీసిన గీతకు ఖర్చు కొద్దిగానే ఉంటుంది. ఆలస్యంగా గీసిన గీతకు మూల్యం ఊరంతా చెల్లించాలి.

లెక్కలోకి ఎవరు వస్తారు?

జనగణనలో ఒక ఊరిని పట్టణంగా గుర్తించడానికి మూడు కొలతలున్నాయి. కనీసం 5,000 జనాభా ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. పురుష శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మదనపల్లె చుట్టూ, అంగళ్లు వైపు కళాశాలలు, దుకాణాలు, అద్దె ఇళ్లు వెలసిన ఊళ్లలో ఏవి ఈ కొలతకు అందుతాయో కొత్త లెక్కతో తేలుతుంది. అందని ఊళ్లకూ రద్దీ మాత్రం తప్పదు. టమోటా పండించే పల్లె ఈ నిర్వచనం ప్రకారం పల్లెగానే మిగులుతుంది. దాని రోడ్డు మీద తిరిగే లారీలు మాత్రం పట్టణపు మార్కెట్ యార్డుకే వస్తాయి.

ఇంకో లోపమూ ఉంది. ఇంటి నుంచి పనిచోటుకు ఎంత దూరం, ఏ వాహనంలో వెళుతున్నారన్న ప్రశ్నను 2011 జనగణనలో అడిగారు. అయితే ఆ వివరాలు ‘ఇతర శ్రామికుల’కే పరిమితం. సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమల్లో పనిచేసేవారు అందులో లేరు. తెల్లవారుజామున టమోటా పెట్టెలతో మదనపల్లె యార్డుకు బయలుదేరే రైతు ఆ పట్టికలో లేడు. షేర్ ఆటోలో పొరుగు మండలానికి కలుపు తీయబోయే మహిళ ఆ పట్టికలో లేదు. ఈ ప్రాంతపు రోడ్లను నింపేది ప్రధానంగా వీరే. కాబట్టి జనగణన అంకెల పక్కన స్థానిక రాకపోకల సర్వే తప్పనిసరి.

రాష్ట్ర సరిహద్దు మరో చిక్కు. కుప్పం నుంచి ఉపాధి కోసం రైలెక్కేవారి చూపు బెంగళూరు వైపే. ఒకవైపు కర్ణాటక, మరోవైపు తమిళనాడు ఉన్న ఈ పట్టణపు ప్రయాణాలను చిత్తూరు జిల్లా పటంలో ఇమిడ్చి చూడటం సాధ్యం కాదు.

ఇతర చోట్ల ఎలా ఉంది?

రాజ్యాంగ 74వ సవరణ మెట్రోపాలిటన్ ప్రణాళికా కమిటీలకు వీలు కల్పించింది. దానికి 10 లక్షల జనాభా ఉండాలి. 2011లో మదనపల్లె జనాభా లక్ష దాటింది, పుంగనూరు 50 వేలు దాటింది. ఆ స్థాయి ఈ పట్టణాలకు కనుచూపు మేరలో లేదు. వీటికి మిగిలేది జిల్లా ప్రణాళికా కమిటీయే. ఆ కమిటీ అధికారం జిల్లా హద్దుతోనే ఆగుతుంది.

అమెరికాలో 50 వేలకు పైబడిన పట్టణ ప్రాంతాలకు రవాణా ప్రణాళికా సంస్థ ఉండాలన్నది నియమం. దీని మూలం 1962 నాటి రహదారుల చట్టంలో ఉంది. ప్రతి జనగణన తర్వాత అక్కడ హద్దును పునఃపరిశీలిస్తారు. ప్రస్తుత పట్టణ ప్రాంతంతో పాటు వచ్చే 20 ఏళ్లలో పట్టణమయ్యే పరిసరాలను కూడా అందులో చేర్చాలి. హద్దు రాష్ట్రాల సరిహద్దు దాటినా అభ్యంతరం లేదు. పట్టణాన్ని లెక్కించే పద్ధతి వారిది వేరు కనుక ఆ కొలతను ఇక్కడికి యథాతథంగా తేలేము. జనగణన కాగానే హద్దును చూసుకోవాలన్న కట్టుబాటును మాత్రం తెచ్చుకోవచ్చు. రాష్ట్రాలు కలిసి ప్రణాళిక వేయడం మన దేశానికీ కొత్త కాదు. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల కోసం జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి చట్టం 1985లోనే వచ్చింది.

చేయవలసిన పనులు

మొదటిది, జిల్లాలు వేరైనా మదనపల్లె నుంచి కుప్పం వరకు దారిని ఒకే రవాణా ప్రాంతంగా గుర్తించి ఉమ్మడి ప్రణాళిక రూపొందించాలి. ఇందుకు ఏ గ్రామ హద్దునూ కదపనక్కరలేదు. ఏయే గ్రామాలు ఈ ప్రాంతంలోకి వస్తాయో నిర్ణయిస్తే చాలు. రెండవది, ఆర్టీసీ డిపోలు, మార్కెట్ యార్డులు, కళాశాలలు, ఆసుపత్రుల వద్ద రాకపోకల లెక్క తీయాలి. జనగణన పట్టికలు వెలువడేలోగా ఈ పని ముగించవచ్చు. మూడవది, పట్టణాభివృద్ధి సంస్థ, కుప్పం సంస్థ, రెండు జిల్లాల యంత్రాంగాలు ఏడాదికి కొన్నిసార్లయినా ఒకే బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు ఉండాలి. నాలుగవది, గ్రామాలను కలిపే ముందు గ్రామసభల్లో చర్చ జరగాలి. పరిధిలోకి వస్తే రుసుములు పెరుగుతాయన్న భయం పల్లెల్లో సహజం. బదులుగా ఏ రోడ్డు వస్తుందో, ఏ బస్సు వస్తుందో పటంలో చూపి చెప్పినప్పుడే ఆ భయం తీరుతుంది.

ఈ అవకాశం చేజారితే నష్టం ఒక్క ఏడాదితో పోదు. 2011 తర్వాతి లెక్కకు పదహారేళ్లు పట్టింది. 2027 అంకెలు చేతికి వచ్చాక కూడా పాత గీతలనే నమ్ముకుంటే, మరో జనగణన వచ్చేలోగా ఈ దారి పొడవునా పొలాలు ప్లాట్లుగా, ప్లాట్లు వీధులుగా మారిపోతాయి. అప్పుడు రోడ్డు వేయడానికి నిధులు దొరికినా స్థలం దొరకదు. రెండు జిల్లాల ప్రజాప్రతినిధులు, అధికారులు ఇప్పుడే కలిసి కూర్చోవడం అవసరం.